పాత ట్రాక్టర్ బేరం: లాభం ఇనుములోనా, కాగితంలోనా?

సంగారెడ్డి జిల్లాలోని మనూర్, నాగల్‌గిద్ద, నారాయణఖేడ్ దారుల్లో తిరిగే ట్రాక్టర్ల నంబరు పలకలు చదువుకుంటూ పోతే ఈ ప్రాంతపు చరిత్ర సగం తెలిసిపోతుంది. ఏపీ 23 అంటే ఉమ్మడి రాష్ట్రంలోని పాత మెదక్ జిల్లా బండి. టీఎస్ 15 సంగారెడ్డిది. 2024 మార్చి తర్వాత రిజిస్టరైనదైతే టీజీ 15. కేఏ 38 బీదర్ నుంచి, ఎంహెచ్ 26 నాందేడ్ నుంచి వచ్చినవి. 1956కు ముందు నారాయణఖేడ్ బీదర్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల గీత మారింది గానీ బేరాల దారి మారలేదు. మనూర్ వాళ్లకు ఇప్పటికీ హైదరాబాదు కన్నా బీదర్ దగ్గర.

ఈ పలకలున్న బండ్లలో చాలావాటిని కొన్నది ఒకరు, వాడుతున్నది మరొకరు. మధ్యలో ఒకరో ఇద్దరో కొని, బాగుచేసి, లాభానికి అమ్మి ఉంటారు. ఆ మారుబేరగాడిని కొందరు దళారీ అంటారు, కొందరు చిన్న రైతుకు యంత్రం అందించిన మనిషి అంటారు. 2023 నుంచి పాత వాహనాల వ్యాపారికి అధికార పత్రం ఉండాలన్న నిబంధన, 2024 చివర్లో పాత బండ్ల లాభంపై పెరిగిన జీఎస్టీ, 2025లో కొత్త ట్రాక్టర్లపై తగ్గిన జీఎస్టీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాక ఈ వాదం బాగా చిక్కుపడింది. ఎవరు ఏమంటున్నారో, ఏది తేలిందో, ఏది తేలలేదో ఒకచోట పెట్టి చూడాల్సిన సమయమిది.

ముందుగా మాట అర్థం. ‘ఆఫ్‌రోడ్ బండి’ అనగానే హైదరాబాదు కుర్రకారుకు థార్ గుర్తొస్తుంది. మనూర్ రేగడిలో రోడ్డు దిగి నడిచే బండి ట్రాక్టరే. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానిదే. జీపుల సంగతి చివర్లో కొంచెం.

అంగడి నేర్పిన బేరం

పాత ట్రాక్టర్ బేరానికి తల్లి పశువుల అంగడి. ఎద్దును కొనేవాడు ముందు పళ్లు చూస్తాడు. తర్వాత నడక, గిట్టలు, మూపురం, కాడి రాపిడి మచ్చ. ధర మాత్రం నోటితో చెప్పడు. తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కుతాడు. ఇద్దరి మధ్య నడిచే ఆ లెక్క చుట్టూ నిలబడ్డవాళ్లకు తెలియదు. ఆ గుట్టులోనే దళారీ బతుకు ఉండేది.

ఎద్దుల స్థానంలోకి ట్రాక్టరు మెల్లగా వచ్చింది. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ దేశంలో తొలి ట్రాక్టరు తయారుచేసింది. 1963లో మహీంద్రా అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ఆ రంగంలోకి దిగింది. 1974లో మొహాలీలో స్వరాజ్ మొదలైంది. తెలుగునాట పాత బండ్ల మరమ్మతుకు ఒక చిరునామా 1966లో విజయవాడలో పుట్టిన ఆటోనగర్. గత దశాబ్దం తొలి ఏళ్ల నుంచి జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. మనూర్ రైతుకు ఇప్పుడు ట్రాక్టరు పుట్టే చోటు, అది ముసలిదై తిరిగే చోటు రెండూ పొరుగునే ఉన్నాయి.

దేశంలో ఇప్పుడు ఏడాదికి తొమ్మిది లక్షల పైచిలుకు కొత్త ట్రాక్టర్లు అమ్ముడవుతున్నాయి. అంకెల్లో మనది ప్రపంచంలోనే పెద్ద సంత. మరోపక్క, 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక్క హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. ట్రాక్టరు పెట్టిన డబ్బుకు న్యాయం చేయాలంటే ఏడాదికి వెయ్యి గంటలు నడవాలని వ్యవసాయ ఇంజనీరింగు పాఠాలు చెబుతాయి. రెండున్నర ఎకరాల్లో వెయ్యి గంటల పని ఎక్కడిది? కాబట్టి కొన్నవాడు పక్కవాళ్ల చేలు దున్నాలి, లేదా ట్రాలీ తగిలించి లోడు వేయాలి, లేదా బండిని అమ్మేయాలి. పాత ట్రాక్టర్ల సంతకు సరుకు అందించేది ఈ లెక్కే. మనిషి దురాశ దాని తర్వాత వస్తుంది.

మూడు నేలల బండ్లు

ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే హార్స్‌పవర్. అయినా పాత ధరలో లక్ష తేడా రావచ్చు. కారణం బండి ఏ నేలలో, ఏ పని చేసి వచ్చిందన్నది. మనూర్ చుట్టుపక్కలకు మూడు రకాల బండ్లు వస్తాయి.

మొదటిది బీదర్ వైపు చెరుకు బండి. చక్కెర కర్మాగారాలకు రెండేసి ట్రాలీలు లాగిన బండికి దుక్కి తక్కువ, రోడ్డు ఎక్కువ. దాని వెనక టైర్ల గళ్లు మధ్యలో అరిగి ఉంటాయి. ట్రాలీ తగిలించే కొక్కెం రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటుంది. క్లచ్, బ్రేకులు, గేరుబాక్సు బరువు మోసి అలసిపోయి ఉంటాయి.

రెండోది నిజామాబాద్, బోధన్, బాన్సువాడ వైపు వరి బండి. కేజ్‌వీల్ తగిలించి బురదలో దమ్ము చేసిన బండికి వెనక ఇరుసు సీళ్లలోంచి నీళ్లు దూరతాయి. నూనె పాలరంగుకు తిరిగితే లోపల నీళ్లు కలిసినట్టే. పైకి రంగు మెరుస్తుంది, లోపల పళ్లచక్రాలు తుప్పు పడతాయి.

మూడోది ఇక్కడి రేగడి బండి. పత్తి, కంది, సోయా, శనగ పండే ఈ మెట్ట నేలల్లో దుక్కి లోతుగా సాగుతుంది గానీ రోజులు తక్కువ. వాన పడ్డాక దిగితే చక్రం దిగబడుతుంది, ఎండాక దిగితే నాగలి బిగుస్తుంది. ఇంజను మీద ఒత్తిడి ఎక్కువైనా గంటలు తక్కువ. అందుకే తెలిసినవాళ్లు ఊళ్లోని దుక్కి బండిని ముందు అడుగుతారు, అది దొరక్కపోతేనే బయటి బండి వైపు చూస్తారు.

ఎద్దుకు పళ్లు ఎలాగో ట్రాక్టరుకు గంటల మీటరు అలా ఉండాలి. ఎద్దు పళ్లను ఎవరూ వెనక్కి తిప్పలేరు. మీటరును ఆపేయవచ్చు, మార్చేయవచ్చు. కాబట్టి అనుభవమున్న కొనుగోలుదారు మీటరును నమ్మడు. క్లచ్ పెడల్ మీది రబ్బరు ఎంత అరిగిందో చూస్తాడు, ముందు చక్రాన్ని పట్టుకుని ఊపుతాడు, రోటవేటర్ తిరిగే పీటీఓ షాఫ్టు గాళ్లను వేలితో తడుముతాడు. బండిని చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయమంటాడు. అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచితే అనుమానిస్తాడు. ఇదంతా పళ్లు చూడటమే, పరికరం మారిందంతే.

లాభం గురించి వాదాలు

మెకానిక్ షెడ్డులో వినిపించే వాదం సూటిగా ఉంటుంది. పాడైన బండిని కొని లైనర్లు, పిస్టన్లు మార్చి, బోరు చేయించి, క్లచ్ ప్లేట్లు వేసి, రంగు కొట్టి అమ్మితే వచ్చిన లాభం చెమటకు కూలి. రైతుకు దొరకని విడిభాగం వెతికి తెచ్చినందుకు, పనికిరాని ఇనుమును పనిలోకి దింపినందుకు ఇచ్చే ప్రతిఫలం. ఈ వాదంలో నిజముంది. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. కంపెనీ పోయాక కూడా ఆ బండ్లు పొలంలో తిరుగుతున్నాయంటే అది మెకానిక్కుల చలవే. కానీ ఈ వాదం ఒక విషయం దాటవేస్తుంది. మరమ్మతు విలువ పెంచడానికే కాదు, లోపం దాచడానికీ చేస్తారు. రంగు చవక, గేరుబాక్సు ఖరీదు. ఏది ముందు జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

రైతు సంఘాల మాటల్లో, గ్రామీణ రుణాల మీద రాసేవాళ్ల వ్యాసాల్లో వినిపించేది రెండో వాదం. దీన్ని కిస్తీ వాదం అనవచ్చు. ట్రాక్టరు రుణానికి కిస్తీలు సాధారణంగా ఆరు నెలలకో, మూడు నెలలకో పడతాయి. పత్తి ధర పడిపోయిన ఏడు, కందికి తెగులు తగిలిన ఏడు ఆ కిస్తీ కొండంతవుతుంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం రెండు లక్షల దాకా పంట రుణాలు మాఫీ చేసింది. ట్రాక్టరు రుణం పంట రుణం కాదు కాబట్టి ఆ భారం అలాగే మిగిలింది. కిస్తీ తప్పిన బండిని ఫైనాన్సు కంపెనీ పట్టుకుపోయి హర్రాజులో పెడుతుంది. లేదా ఆ భయంతో రైతే ముందుగా తక్కువకు అమ్ముకుంటాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, ఒకరి కష్టం ఇంకొకరి లాభం.

బండిని పట్టుకుపోవడం మీద న్యాయస్థానాలు రెండు వైపులా మాట్లాడాయి. వసూలుకు కండబలం వాడకూడదని 2007లో ఐసీఐసీఐ బ్యాంకు వర్సెస్ ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా హెచ్చరించింది. 2020లో మాగ్మా ఫిన్‌కార్ప్ కేసులో మాత్రం, హైర్ పర్చేజ్ ఒప్పందంలో కిస్తీలు పూర్తయ్యేదాకా యజమాని ఫైనాన్సు కంపెనీయేనని, ఒప్పందం ప్రకారం బండిని తీసుకోవచ్చని తేల్చింది. అంటే పట్టుకుపోవచ్చు, కొట్టి పట్టుకుపోకూడదు. హర్రాజులో కొన్న మారుబేరగాడికి చట్టపరంగా మచ్చ లేదు. నైతికంగా ఉందా లేదా అన్న దగ్గర కిస్తీ వాదులకు, షెడ్డు వాదులకు పొత్తు కుదరదు.

మూడోది కాగితం వాదం. నా దృష్టిలో ఈ చర్చలో బరువైనది ఇదే, ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే.

ఓపెన్ కాగితాల బండి

మోటారు వాహనాల చట్టం, 1988లోని 50వ సెక్షన్ చెప్పేది చిన్న సంగతి. బండి అమ్మినవాడు రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో, బయటి రాష్ట్రానికైతే 45 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలి. కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్చుకోవాలి. దానికి 29, 30 నంబరు ఫారాలు. రాష్ట్రం దాటితే 28వ ఫారంతో ఎన్‌ఓసీ. ఫైనాన్సు ఉంటే అది తీరిపోయిందని 35వ ఫారం.

మారుబేరంలో జరిగేది వేరు. అమ్మే రైతు దగ్గర బయానా ఇచ్చి, 29, 30 ఫారాల మీద కొన్నవాడి పేరు రాయకుండా సంతకాలు మాత్రం తీసుకుంటారు. వాటినే ఓపెన్ కాగితాలు అంటారు. ఆ కాగితాలతో బండి ఒకటి, రెండు, మూడు చేతులు మారుతుంది. చివరి కొనుగోలుదారు తన పేరు రాసుకుని ఒక్కసారే బదిలీ చేయించుకుంటాడు. మధ్యవాళ్లకు రుసుము లేదు, కార్యాలయం చుట్టూ తిరిగే పని లేదు, వాళ్లు బండిని కొన్నట్టు ఎక్కడా ఆనవాలు లేదు. మారుబేరంలో పెద్ద మిగులు ఇదే.

దీని ఖరీదు ఎవరు కడతారో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చూపించింది. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో బండి రిజిస్ట్రేషను మారకుండానే చేతులు మారుతూ పోయింది. తర్వాత ప్రమాదం జరిగింది. పరిహారం ఎవరివ్వాలి? రిజిస్ట్రేషను పుస్తకంలో ఎవరి పేరుందో వాళ్లేనని కోర్టు చెప్పింది. ఎప్పుడో అమ్మేసి, డబ్బు తీసుకుని, మరిచిపోయిన మనిషి మీదే బాధ్యత పడింది. మంజీరలో ఇసుక తోలుతూ పట్టుబడిన ట్రాక్టరో, కూలీలను ట్రాలీలో ఎక్కించుకుని బోల్తాపడిన ట్రాక్టరో పాత యజమాని పేరు మీదే ఉంటే ఆయన ఇంటికి నోటీసు వెళ్లడానికి ఈ తీర్పు తర్వాత అడ్డేమీ లేదు.

సరిహద్దు దగ్గర ఈ ముడి ఇంకా బిగుస్తుంది. కేఏ 38 బండి మనూర్‌లో పన్నెండు నెలలు దాటి ఉంటే చట్టం ప్రకారం తెలంగాణ నంబరు వేయించాలి. దానికి బీదర్ నుంచి ఎన్‌ఓసీ తేవాలి. అసలు యజమాని దొరకాలి. ఫైనాన్సు తీరిందన్న కాగితం కావాలి. వీటిలో ఒక్కటి కుదరకపోయినా బండి అదే పలకతో తిరుగుతుంది. ధర తగ్గుతుంది, బేరం సులువవుతుంది. సరిహద్దు బండి చవకగా దొరకడానికి సగం కారణం ఇది.

ఒక చిన్న లెక్క

వాదాలను అంకెల్లోకి దింపి చూద్దాం. ఇది లెక్క కోసం వేసుకున్న ఊహ మాత్రమే. మారుబేరగాడు 3,00,000 రూపాయలకు బండి కొన్నాడు. టైర్లకు, క్లచ్‌కు, రంగుకు 70,000 పెట్టాడు. చేర్చినందుకు, మధ్యవర్తికి 10,000. పెట్టుబడి మీద నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. 3,70,000 మీద నెలకు 7,400. చివరకు 4,30,000కు అమ్మాడు.

నెలలోనే అమ్ముడుపోతే మిగిలేది 42,600. నాలుగు నెలలు పడితే 20,400. ఎనిమిది నెలలు షెడ్డులో నిలబడితే చేతినుంచి 9,200 పోతుంది. మరమ్మతు అదే, బండి అదే, ధర అదే. మారింది కాలం ఒక్కటే. తొలకరికి ముందు దుక్కి బండికి గిరాకీ ఉంటుంది, కిస్తీ గడువు దగ్గరపడ్డప్పుడు అమ్మకందారు దొరుకుతాడు. ఈ రెండూ దగ్గర దగ్గరగా తెచ్చుకోగలిగినవాడికే లాభం. షెడ్డు వాదం చెప్పే చెమట కూలి ఈ లెక్కలో ఉంది గానీ అది పలచన. లాభనష్టాలను తేల్చేది వడ్డీ, ఎదురుచూపు.

పన్ను వేసిన కొత్త ముడి

ఇదే లెక్కకు జీఎస్టీ కలిపితే బొమ్మ మారిపోతుంది. 2018 జనవరి నుంచి పాత వాహనాల వ్యాపారికి మొత్తం ధర మీద కాక, కొన్న ధరకు అమ్మిన ధరకు మధ్య తేడా మీదే పన్ను. పెద్ద కార్లకు 18 శాతం, మిగతావాటికి 12 శాతం ఉండేది. 2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ మండలి 55వ సమావేశం అన్నిటినీ 18 శాతానికి చేర్చింది. సొంత బండి అమ్ముకునే రైతుకు ఈ పన్ను వర్తించదు. వ్యాపారంగా చేసి, నమోదు చేసుకున్నవాడికే.

చిక్కు ఎక్కడంటే, ఆ తేడాలోంచి మరమ్మతు ఖర్చు తీసేయడానికి వీల్లేదు. పై లెక్కలో తేడా 1,30,000. దానిమీద 18 శాతం అంటే 23,400. నాలుగు నెలల్లో అమ్మినవాడికి మిగిలేదే 20,400. అంటే పన్ను కట్టాక మూడు వేలు నష్టం. మరమ్మతు ఎంత ఎక్కువ చేస్తే తేడా అంత పెద్దది, పన్ను అంత ఎక్కువ. ఏమీ బాగుచేయకుండా చేతులు మార్చినవాడికి తేడా చిన్నది, పన్నూ చిన్నదే. నిజంగా పనిచేసే మెకానిక్‌ను ఈ పద్ధతి శిక్షిస్తోందన్న షెడ్డు వాదుల ఫిర్యాదుకు ఇక్కడ బలం ఉంది.

ఇంకో సంగతి. 2019లో సరుకుల వ్యాపారానికి జీఎస్టీ నమోదు పరిమితిని చాలా రాష్ట్రాలు 40 లక్షలకు పెంచుకున్నాయి. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. మన ఊహలోని ధరకు ఏడాదికి అయిదు ట్రాక్టర్లు అమ్మితే మనూర్‌లో ఆ గీత దాటినట్టే. బీదర్‌లో అదే గీత దాటడానికి పది బండ్లు కావాలి. రాష్ట్రం దాటించి అమ్మితే గీతతో పనిలేదు, మొదటి బండికే నమోదు తప్పదు. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే పని చేసే ఇద్దరికి రెండు చట్టాలు.

ఇక 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ట్రాక్టరుపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద కూడా 5 శాతమే. కొత్తది చవకైతే పాతది దిగాలి. దానితో అప్పటికే సరుకు కొని పెట్టుకున్నవాళ్లు ఇరుక్కుపోతారు. అయితే విడిభాగాలు చవకవడం మరమ్మతుకు మేలు. ఈ రెండూ కలిసి ఎటు తూగుతాయన్నది ఒకటి రెండు వానాకాలాలు గడిస్తే గానీ తెలియదు.

గుట్టు బయటపడితే చాలదా?

ఆర్థికవేత్తలది నాలుగో వాదం. 1970లో జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల సంతను తీసుకుని ఒక చిన్న వ్యాసం రాశాడు. మూడు పత్రికలు తిప్పిపంపాక నాలుగోది వేసుకుంది. 2001లో నోబెల్ తెచ్చిపెట్టిన పనికి అదే పునాది. అమ్మేవాడికి బండి లోపం తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి మంచి బండికి కూడా చెడ్డ బండి ధరే ఇస్తానంటాడు. మంచి బండి ఉన్నవాడు అమ్మడం మానేస్తాడు. సంతలో మిగిలేది చెత్తే.

దీనికి మందు సమాచారమని ఈ వాదులు అంటారు. అమెరికాలో 1985 నుంచి డీలరు అమ్మే ప్రతి పాత కారు అద్దానికి గ్యారంటీ ఉందో లేదో చెప్పే కాగితం అంటించాలి. జపాను వేలాల్లో ప్రతి బండికీ తనిఖీ పత్రం, మార్కులు ఉంటాయి. మన దగ్గర 2011లో మొదలైన శ్రీరామ్ ఆటోమాల్ వంటివి పాత బండ్లను బహిరంగ వేలంలోకి తెచ్చాయి. ట్రాక్టర్లకు మాత్రం ఈ వైద్యం సగమే అందింది. కారణాల్లో ఒకటి విచిత్రం. దేశమంతా ‘వాహన్’ అనే ఒకే రిజిస్ట్రేషను వ్యవస్థలోకి వెళుతుంటే తెలంగాణ ఏళ్ల తరబడి తన సొంత వ్యవస్థతో విడిగా ఉండిపోయింది. అందుకే డీలర్ల సమాఖ్య నెలనెలా ఇచ్చే దేశవ్యాప్త అమ్మకాల లెక్కల్లో తెలంగాణ ఉండేది కాదు. మనూర్‌లాంటి సరిహద్దు చోట ఒక బండి చరిత్రను రెండు రాష్ట్రాల్లో వెతకాలంటే రెండు తలుపులు తట్టాల్సి వచ్చేది.

జీపుల దారి వేరు

జీపుల మారుబేరానికి ఇంధనం అవసరం కాదు, మోజు. 1940ల చివర్లో విల్లీస్ జీపులను విప్పి తెచ్చి ఇక్కడ బిగించడంతో మొదలైన మహీంద్రా కథ ఎంఎం 540, కమాండర్ల మీదుగా 2010లో థార్ దాకా, 2020 ఆగస్టు 15న దాని కొత్త రూపం దాకా వచ్చింది. సైన్యం వదిలించుకున్న జిప్సీలు, జీపులు ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ వేలాల ద్వారా బయటికొస్తాయి. వాటిని పెద్ద టైర్లతో, ఇనుప బంపర్లతో ముస్తాబు చేసి అమ్మడమే ఇక్కడి లాభం.

ఆ ముస్తాబే చట్టం దృష్టిలో తప్పు. 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన ప్రాథమిక లక్షణాలు మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన 182ఏ సెక్షన్ ఒక్కో మార్పుకు 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు అంటోంది. ఇంకో మూల ఢిల్లీ. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు పెట్టిన నిషేధం వల్ల మంచి బండ్లు కూడా చవకగా దక్షిణానికి దిగాయి. 2025లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మళ్లీ చేతికి తీసుకున్నాక ఆ చవకదనం ఎన్నాళ్లుంటుందో అని వ్యాపారులు లెక్కలు వేసుకుంటున్నారు. మనూర్ ట్రాక్టరు బేరానికి ఇవేవీ తగలవు.

పక్కపక్కన పెట్టి చూస్తే

షెడ్డు వాదం లాభాన్ని పనిలో చూస్తుంది, కిస్తీ వాదం కష్టంలో, కాగితం వాదం దాటవేసిన బదిలీలో, ఆర్థికవేత్తల వాదం దాచిన లోపంలో. మొదటి రెండూ మారుబేరగాడు మంచివాడా చెడ్డవాడా అన్న చోట ఆగిపోతాయి. చివరి రెండూ అతన్ని వదిలేసి పద్ధతిని చూస్తాయి. పై లెక్కలు చూశాక పలచన లాభాన్ని నిలబెడుతున్నది ఎక్కువగా కాగితం, కాలమే అనిపిస్తుంది. షెడ్డు వాదులకు కోపం రావచ్చు. కానీ బదిలీ, వడ్డీ, పన్ను మూడూ సక్రమంగా లెక్కగడితే మరమ్మతు ఒక్కటే నమ్ముకున్న మారుబేరగాడు నిలబడటం కష్టం. అతన్ని ఓపెన్ కాగితాల వైపు నెట్టేది ఈ లెక్కే. అతని గుణం మీద తీర్పు చెప్పి ప్రయోజనం లేదు.

కాగితం వాదులకు దొరికిన పెద్ద ఆయుధం 2022 డిసెంబరు 22న కేంద్రం మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ నియమాల ప్రకారం పాత వాహనాలు కొని అమ్మేవాడు రవాణా శాఖ నుంచి అయిదేళ్ల అధికార పత్రం తీసుకోవాలి. యజమాని బండి అప్పగించినట్టు కబురు పెట్టిన క్షణం నుంచి ఆ వ్యాపారినే యజమానిగా భావిస్తారు. ప్రమాదం జరిగితే పాత రైతు ఇంటికి నోటీసు వెళ్లదు. ఎన్‌ఓసీ, రిజిస్ట్రేషను పొడిగింపు వంటివాటికి వ్యాపారే దరఖాస్తు పెట్టుకోవచ్చు. బండిని రోడ్డెక్కించేది మాత్రం మరమ్మతుకు, నడిపి చూపించడానికి వంటి పనులకే. నవీన్ కుమార్ కేసు ఎత్తిచూపిన గాయానికి ఇది సరైన కట్టే.

తేలనివి

ఆ కట్టు ఎవరికి అందుతుంది? పట్టణంలో పెద్ద షోరూమ్ పెట్టినవాడికి అధికార పత్రం భారం కాదు. ఏడాదికి మూడు నాలుగు బండ్లు చేతులు మార్చే గ్రామీణ మెకానిక్‌కు అది పన్ను లెక్కల్లోకి తనంతట తాను నడిచి వెళ్లడంతో సమానం. చిన్నవాళ్లకు ఒక గీత గీసి, దాని కింద పత్రం మాత్రమే, పన్ను వద్దు అనే మార్గం ఉందా? ఆ ప్రశ్న ఇంకా గట్టిగా ఎవరూ అడగలేదు.

గంటల మీటరు సంగతీ తేలలేదు. కారు దూరం మీటరు తిప్పితే మోసమని అందరికీ తెలుసు. ట్రాక్టరు గంటల మీటరు పనిచేయకపోతే పొలంలో అది మామూలే అన్న సాకు సిద్ధంగా ఉంటుంది. మోసపోయినవాడు వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చు. కానీ తిరిగి అమ్మడానికి కొన్నవాడిని 2019 చట్టం వినియోగదారుగా చూడదు. మారుబేరగాడు తానే మోసపోతే అతనికి ఆ తలుపు మూసే ఉంది.

వయసు ప్రశ్న ఇంకా ఆసక్తికరం. వ్యవసాయ ట్రాక్టరు రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లకు, తర్వాత అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చని కేంద్రం స్పష్టం చేసింది. రైతు బండి నడిచినన్నాళ్లు నడుస్తుంది. ప్రభుత్వ బండికి ఈ వెసులుబాటు లేదు. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను పొడిగించరు, తుక్కు కావాల్సిందే. ఆ నియమంలో పంచాయతీలూ ఉన్నాయి. 2019-20లో పల్లె ప్రగతి కింద తెలంగాణలోని 12,769 గ్రామ పంచాయతీలకు ఊరికొకటి చొప్పున ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు కొనిపించారు. చెత్త తీసి, మొక్కలకు నీళ్లు పోసిన ఈ బండ్లకు దుక్కి తెలియదు, లోడు తక్కువ. ఏ మెకానిక్ చూసినా ముందు ఎంచుకునే రకం ఇవి. 2034-35 దాకా ఆగితే ఇవన్నీ తుక్కుకే. అంతకుముందే హర్రాజు వేస్తే ఒక్కసారి వేల బండ్లు సంతలోకొచ్చి ఊళ్లలో పాత ధరలు కూలతాయి. ఎప్పుడు అమ్మాలో, ఎవరికి అమ్మాలో పంచాయతీలకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.